పదకొండో పేరు

గడియ పడిన చప్పుడుకి హాల్లో ఉన్న నలభై తలలూ వెనక్కి తిరిగాయి.

వదిన గడియతో ఆగలేదు. దానికో తాళం కప్ప తగిలించి, తాళంచెవి చేతిసంచిలో పడేసుకుంది. ఆ సంచిలో ఇంకో బరువైనదేదో ఉంది. ఆమె దాన్ని ఒళ్ళో పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?" మాస్టారు కుర్చీలోంచి లేచారు. రిటైరై పదేళ్ళయినా ఆయన గొంతులో ఇంకా హాజరు పట్టీ వినిపిస్తుంది. అభిమానుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"ఓటేసేముందు నాకు పది నిమిషాలు ఇస్తానన్నారుగా మాస్టారూ. ఆ పది నిమిషాలూ ఎవరూ బయటికి పోకూడదు. అంతే."

"మాట్లాడమన్నాం గానీ మమ్మల్ని జైల్లో పెట్టమన్నామా?" అన్నాడు కంపౌండరు. ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నాలుగింటికి పలక మీద పేర్లు చెక్కేవాడొస్తాడు. ఆలోపు తేలిపోవాలి. ఆ మనిషి పేరు వద్దని పొద్దున్నే చెప్పాను, మళ్ళీ చెబుతున్నా. కుండెడు పాలు విరగడానికి ఒక్క చుక్క చాలు."

సగం హాలు తలూపింది.

"నోరు కాస్త అదుపులో పెట్టుకో కంపౌండరూ," అని కసిరాడు డ్రమ్ము. ఒకప్పుడు స్టాండులో డ్రమ్ము కొట్టేవాడు, ఆ పేరే మిగిలింది. లేచి వచ్చి ఆమెకి కుర్చీ జరిపాడు. "కూర్చో వదినా. నీళ్ళు తాగుతావా? నువ్వు చెప్పేది చెప్పు. నేనున్నాను."

ఆ హాల్లో ఆమెని వదినా అని పిలిచేది అతనొక్కడే.

స్టేడియం మెట్ల కింద ఉన్న హాలది. కప్పు ఏటవాలుగా దిగుతుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు లేచినప్పుడల్లా తల తడుముకుంటారు. గోడలకి కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. మధ్యలో బల్ల మీద రాగి పలక. వరసగా మూడేళ్ళు కప్పు గెలిచిన ఫుట్‌బాల్ జట్టు పేర్లవి. పది చెక్కారు. పదకొండో చోటు ఖాళీ.

ఆ ఖాళీ వదిన మొగుడిది.

ఆట చూసినవాళ్ళెవరూ ఆయన్ని అసలు పేరుతో పిలవలేదు. గేటు అనేవాళ్ళు. ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే ఈయన పరుగెత్తేవాడు కాదు, తీరిగ్గా వచ్చి అడ్డంగా నిలబడేవాడు. రైలొచ్చే ముందు గేటు దిగినట్టే. స్టాండంతా లేచి "గేటు పడింది!" అని అరిచేది. గోల్ కొట్టినవాళ్ళకి పేపర్లో ఫోటోలు పడేవి. గోల్ ఆపినవాడికి అభిమానుల కేక ఒక్కటే మిగిలేది. డ్రమ్ము ఒక దెబ్బ వేసి "దారికి అడ్డం ఎవరు?" అనేవాడు. ఇరవై వేల గొంతులు "గేటు!" అనేవి. స్టాండులో ఉన్న ప్రతివాడికీ ఆయన అన్న. ఆ లెక్కన ఆమె ఊరందరికీ వదిన.

నాలుగో ఏడు ఫైనల్లో, ఆట ఇంకో ఆరు నిమిషాలుందనగా, గేటు ఎవరూ తాకకుండానే జారిపడ్డాడు. బంతి ఆయన పక్కనుంచే వెళ్ళి గోల్లో పడింది. కప్పు పోయింది. ఆ సాయంత్రం స్టేడియం బయట మళ్ళీ డ్రమ్ము మోగింది. దెబ్బ అదే. మాటే మారింది.

"మ్యాచ్ అమ్మింది ఎవరు?"

"గేటు!"

పెద్ద జట్టొకటి ఆయన్ని తీసుకుంటానని మాటిచ్చి ఉంది. మొగుడూ పెళ్ళాం సామాన్లు కట్టుకుని కూర్చున్నారు. కట్టిన మూటలు కట్టినట్టే విప్పుకున్నారు. గేటు కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. తొమ్మిదేళ్ళు మోశాడు. ఒకరోజు పెట్టె దించి, దాని పక్కనే తనూ కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. శవం వెంట నడిచింది ఐదుగురు. ఆ ఐదుగురిలో స్టాండు నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

వదిన కత్తులకీ కత్తెరలకీ సాన పట్టే కొట్టు పెట్టుకుంది. ఊళ్ళో దర్జీలూ, కసాయిలూ, హోటలు వంటవాళ్ళూ అందరూ ఆమె దగ్గరికే రావాలి. వచ్చేవాళ్ళు. వదినా అనకుండా పని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆమె అందరి కత్తులకీ పదును పెట్టింది. తన పగకి కూడా ఇంట్లో కూర్చుని పెట్టుకుంది. కాకపోతే ఎవరి మీద దూయాలో తెలియలేదు.

రెండు నెలల కిందట తెలిసింది. సగమే తెలిసింది.

ఆమె సంచిలోంచి బరువైనదాన్ని తీసి, పలక పక్కన పెట్టింది.

ఎడమకాలి బూటు. మట్టి ఎండి రాయైపోయింది. లేసులు కట్టే చోట పైనుంచి కింది దాకా తెల్ల టేపు చుట్టి ఉంది. తెలుపు ఇప్పుడు పసుపయింది గానీ చుట్టు చెదరలేదు.

వెనక వరసలో ఎవడో లేవబోయి కప్పుకి తల కొట్టుకున్నాడు.

"అది... గేటన్న బూటు కదూ?" అన్నాడు డ్రమ్ము. "తగలబెట్టేశారన్నారే!"

"మూటలాయన తగలబెట్టలేదు. పెట్టెలో దాచాడు." మూటలాయన అంటే జట్టు బట్టలూ బూట్లూ మోసే మనిషి. రెండు నెలల కిందట ఆస్పత్రి మంచం మీద ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చి, ఈ బూటు ఇచ్చి పోయాడు. వదిన బూటు తిరగేసింది. "అడుగున ఆరు స్టడ్లు. తడినేలలో కాలు జారకుండా పట్టు ఇచ్చేవి ఇవే. మడమ దగ్గరి రెండూ చూడండి మాస్టారూ."

మాస్టారు కళ్ళద్దాలు పైకి జరిపి వంగారు. "పొట్టిగా ఉన్నాయి. అరిగాయేమో."

"నేల అరగదీస్తే అంచు గుండ్రంగా పోతుంది. ఇక్కడ అడ్డంగా, బల్లపరుపుగా ఉంది. పైన సన్నటి గీతలున్నాయి, అన్నీ ఒకే వైపుకి. ఇది ఆకురాయి పని. పదమూడేళ్ళుగా అదే పనిలో ఉన్నాను, నా కళ్ళు కప్పలేరు. మొదటి సగం ఆయన ఇదే బూటుతో ఎక్కడా జారలేదు. హాఫ్ టైమ్‌లో ఎవరో మంచి స్టడ్లు విప్పి, అరగదీసినవి బిగించారు."

"హాఫ్ టైమ్‌లో డ్రెస్సింగ్ రూములోకి ఎవడెళతాడమ్మా?" అని నవ్వాడు కంపౌండరు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తనకే గుర్తొచ్చింది.

అందరికీ గుర్తొచ్చింది.

తోడేలు.

జట్టు గుర్తు తోడేలు. గెలిచిన ఆ మూడేళ్ళలో స్టాండుకి ఒక ఆచారం పుట్టింది. ప్రతి పెద్ద ఆటకీ ముందురోజు ఐదుగురు పెద్దలు చీట్లు తీసేవాళ్ళు. గుర్తున్న చీటీ ఎవరికొస్తే వాడు మర్నాడు హాఫ్ టైమ్‌లో, కాగితపు గుజ్జుతో చేసిన తోడేలు ముఖం తగిలించుకుని, కమలా తొనల పళ్ళెం పట్టుకుని ఆటగాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఒక్క మాట మాట్లాడకూడదు. తాను ఎవరో ఎప్పటికీ చెప్పకూడదు. చెబితే అదృష్టం పోతుంది. పెళ్ళాలకి కూడా చెప్పుకోలేదు మహానుభావులు. ఆ ఫైనల్ ఓడిపోయాక, పోవడానికి అదృష్టమంటూ ఏదీ మిగలకపోయినా, ఆనాటి తోడేలు ఎవరని ఒక్కడూ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ నలభై మందీ తెలియకుండానే ఒక దొంగకి కాపలా కాశారు.

"ఆ రోజు చీట్లు తీసిన ఐదుగురిలో ఇద్దరు పోయారు," అంది వదిన. "ముగ్గురున్నారు. మాస్టారు, కంపౌండరు, డ్రమ్ము. ముగ్గురూ ఈ గదిలోనే ఉన్నారు."

"నన్నంటున్నావా?" కంపౌండరు ఎగిరి నిలబడ్డాడు. "నువ్వు..."

"ఎవర్నీ అనలేదు. మీరెందుకు ఉలిక్కిపడతారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని వెనకాల ఎవడో గొణిగాడు. కంపౌండరు మొహం కందగడ్డ అయింది. వదినకి లోపల ఆశ కదిలింది. రెండు నెలలుగా ఆమె అనుమానం ఇతని మీదే. గేటు శవం వెళుతుంటే మందుల షాపు మెట్ల మీద నిలబడి పళ్ళు కుట్టుకున్నవాడు ఇతనే.

కానీ అనుమానంతో మనిషిని కొట్టకూడదు. ఆ పని ఈ ఊరు ఒకసారి చేసింది.

"సరే, అదలా ఉంచండి," అంటూ కుర్చీలో కూర్చుంది. గొంతు మెత్తబడింది. "ఓటెలాగూ మీ ఇష్టం. పేరు రాకపోతే పోనీండి. ఆ ఆఖరి ఆట నా కళ్ళతో చూడలేదు నేను, ఇంట్లో మూటలు కట్టుకుంటున్నాను. మీరంతా చూశారు. ఒక్కసారి చెప్పండి, వింటాను. ఆ రోజు మావారు పన్నెండుసార్లు గోల్ ఆపారట కదా?"

"పన్నెండా!" మూడు నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. "పద్నాలుగు!"

"పద్నాలుగే. రెండోసారి తలతో ఆపాడు, పళ్ళు కదిలాయి."

"పళ్ళు కదిలింది ఆరోసారి రా. రెండోసారి మోకాలితో."

"మరి వాన?" అంది వదిన. "మొదట్నుంచీ కురిసిందట."

"ఎవరు చెప్పారమ్మా?" మాస్టారు కూడా బరిలో దిగారు. "ఆట నాలుగో నిమిషంలో మొదలైంది. గడియారం చూసి చెబుతున్నాను."

హాలు కాగుతున్న నీళ్ళలా మరిగింది. కోపం దాచుకోగలడు అభిమాని, గుర్తున్నది మాత్రం దాచుకోలేడు. పక్కవాడు ఒక్క పిసరు తప్పు చెబితే గొంతులో ముల్లు దిగుతుంది. అది తీసి పారేసేదాకా నిద్ర పట్టదు. రెండు నిమిషాల కిందట గేటు పేరు వద్దన్న నోళ్ళే ఇప్పుడు ఆయన మోకాలు ఎటు వంగిందో పోట్లాడుకుంటున్నాయి. ముసలివాళ్ళంతా పాతికేళ్ళ కుర్రాళ్ళై మళ్ళీ స్టాండులో నిలబడ్డారు.

వదిన ఆ హోరు మధ్య నిట్టూర్చింది, పక్కవాళ్ళకి వినబడేంత.

"పద్నాలుగుసార్లు. ఆ కాళ్ళకి ముందురాత్రి తెల్ల లేసులు ఉతికి ఎక్కించింది నేనే. అవే కట్టుకుని ఆడారు, అవే కట్టుకుని పడ్డారు. రెండు కాళ్ళకీ నా తెల్ల లేసులే."

"ఎడమదానికి కాదులే వదినా," అన్నాడు డ్రమ్ము, ఓదారుస్తున్నట్టు. "రెండో సగంలో ఎడమదానికి గోధుమరంగుది. పొట్టిది. చివర ముడికి కూడా చాలలేదు పాపం."

మిగతావాళ్ళు ఇంకా మోకాలి దగ్గరే ఉన్నారు.

వదిన తలెత్తి డ్రమ్ము వైపు చూసింది. వీడా? పొద్దుట్నుంచీ పేరు చెక్కాల్సిందేనని అందరితో పోట్లాడినవాడు. మొన్న కొట్టుకొచ్చి, ఆ రోజు అరిచింది నేనే వదినా, తప్పయిపోయిందని కాళ్ళు పట్టుకోబోయినవాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే వీడి ఓటుతో, వీడి వెనక పది ఓట్లతో, సాయంత్రానికి పదకొండో పేరు పలక మీద ఉంటుంది.

ఆమె కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర పడున్న మనిషిని తలుచుకుంది.

"మళ్ళీ చెప్పు డ్రమ్మూ," అంది పైకి. "ఏ రంగుది?"

ఆ గొంతుకి హాలు సద్దుమణిగింది.

"గోధుమ... గోధుమరంగుది. ఎందుకు?"

మాస్టారు మెల్లగా బూటు వైపు చూశారు. తరవాత డ్రమ్ము వైపు. "లేసు నీకెలా కనబడిందిరా? టేపు ఉంటుంది కదా."

ఆ టేపు సంగతి స్టాండులో చంటిపిల్లాడికైనా తెలుసు. కొత్తల్లో ఒకసారి లేసు ఊడి గోల్ పోయింది. ఆనాటి నుంచీ గేటు రెండు బూట్లకీ లేసులు కనబడకుండా టేపు చుట్టుకోనిదే డ్రెస్సింగ్ రూము గడప దాటేవాడు కాదు.

"ప్రాక్టీసులో చూసుంటాను..."

"ప్రాక్టీసులో ఎలా చూస్తావ్?" వదిన లేచింది. "ఆ రోజు హాఫ్ టైమ్‌లో ఆయన మడమకి కొత్త కట్టు కట్టుకోవడానికి ఎడమ బూటు విప్పారు. లేసు తెగింది. మూటలాయన తన బూటుకున్న లేసు లాగి దీనికెక్కించాడు. అప్పుడు చూసింది ముగ్గురు. మావారు, మూటలాయన, పక్కనే పళ్ళెం పట్టుకుని గొంతుక్కూర్చున్న తోడేలు. లేసెక్కించి మూటలాయన నీళ్ళకి వెళ్ళాడు. మావారు తల వంచి కట్టు కట్టుకుంటున్నారు. బూటు తోడేలు కాళ్ళ దగ్గరుంది. మావారు అదే తిరిగి తొడుక్కుని, పైన టేపు చుట్టుకుని బయటికొచ్చారు. ఆ టేపు ఇదే. ఇంతవరకూ ఎవరూ విప్పలేదు, నేను కూడా. మూటలాయన మాట నిజమో కాదో నాకూ తెలీదు."

సంచిలోంచి చిన్న కత్తి తీసింది. పదునుకి వెలుతురు తగిలి కప్పు మీద గీత కదిలింది. ముందు వరస కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆమె ఎవరి వైపూ చూడకుండా టేపు మీద ఒక్క గాటు పెట్టి, రెండు పక్కలకీ లాగింది.

గోధుమరంగు లేసు. పొట్టిది. ముడికి చాలక, చివర రెండు కొసలూ మెలివేసి ఉన్నాయి.

ఎవరో తలుపు తట్టారు. "సార్, నాలుగైంది. పలకకి పనుందన్నారు?"

నలభై తలలూ డ్రమ్ము వైపే తిరిగి ఉన్నాయి.

డ్రమ్ము గోడకి ఆనుకున్నాడు. సైకిల్ షాపు నడిపే చేతులవి. ఆకురాయీ, చిన్న స్పానరూ జేబులో లేకుండా బయటికి రాడు. ఇప్పుడు కూడా చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. అందరి కళ్ళూ అక్కడే ఆగాయి.

"ఆయన వెళ్ళిపోతున్నాడు," అన్నాడు చివరికి. పిల్లి కూత కంటే సన్నగా ఉంది గొంతు. "పెద్ద జట్టుకి. మాతో ఒక్క మాట చెప్పకుండా. మనవాడనుకుని, గొంతు చించుకుని, నెత్తిన పెట్టుకుంటే... ఆ జట్టువాళ్ళు ఆ రోజు చూడ్డానికొచ్చారు వదినా. ఒక్కసారి జారితే చాలనుకున్నాను. వద్దులే అనుకుని పోతారనుకున్నాను. మనతోనే ఉండిపోతాడు కదాని. గోల్ అవుతుందని నాకేం తెలుసు? కప్పు పోతుందని నాకేం తెలుసు?"

"అది సరే. అది చేతి పని. సాయంత్రం నోటి పని సంగతేంటి?"

"జనం రాళ్ళు పట్టుకున్నారు. ఏం జరిగింది, ఎలా జరిగిందని అడుగుతున్నారు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి..."

"చెప్పావు."

డ్రమ్ము గోడ వెంట జారి నేల మీద కూలబడ్డాడు. "పేరు చెక్కించుకో వదినా. నేనే దగ్గరుండి చెక్కిస్తాను. నన్ను మాత్రం... ఈ ఊళ్ళో నాకు ఆ స్టాండు తప్ప ఏముంది?"

"ఆయనకి మాత్రం ఏముంది?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పేరు చెక్కిద్దాం. ఓటు కూడా అక్కర్లేదు. ఇది మాత్రం మనలో మనం..."

"కుదరదు మాస్టారూ. పదకొండో పేరు తరవాత. ముందు నాకు ఇంకో పేరు కావాలి. ఆయన్ని నలుగురిలో అన్నారు. నలుగురిలోనే కావాలి."

హాలు మూల, గుడ్డ కప్పి, పాత డ్రమ్ము ఉంది. వదిన గుడ్డ లాగేసింది. కర్ర పుల్లలు రెండూ తీసుకుని, నేల మీద ఉన్నవాడి ముందు పెట్టింది.

"కొట్టు. ఆ రోజు కొట్టినట్టే."

అతను తల అడ్డంగా ఊపాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఆమె పుల్లలు తనే తీసుకుంది. తలుపు తాళం తీసింది. చెక్కేవాడు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అతని వెనక రంగులు వేసే పనివాళ్ళు, ఆట నేర్చుకోవడానికొచ్చిన ఆడపిల్లలు, నలుగురైదుగురు దారినపోయేవాళ్ళు. మంచిదే. తలుపు బార్లా తెరిచి ఉంచింది.

తిరిగొచ్చి పాత డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేసింది. ఏటవాలు కప్పు మోగింది. మెట్ల మీద దాకా వినబడింది.

"గేటు కాలు జార్చింది ఎవరు?"

నలభై మందీ నేల చూపులు చూశారు.

వదిన కంపౌండరు వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ళ కిందట మీ గొంతు నా వీధి చివరికి వినబడింది. ఇవాళేమైంది?"

కంపౌండరు పెదాలు కదిలాయి. కళ్ళు తుడుచుకున్నాడు. లేచి నిటారుగా నిలబడ్డాడు. అతని వెనక మాస్టారు, ఆ వెనక ఒక వరస, మరో వరస. కుర్చీలు కిర్రుమన్నాయి.

ఆమె రెండో దెబ్బ వేసింది. ఈసారి చర్మం చిరిగేలా.

"ఎవరు?"

గోడకి కొట్టుకుని, మెట్లెక్కి, ఖాళీ మైదానం అవతలి వరకూ పోయింది కేక.

"డ్రమ్ము!"